కాలువ నీటిలో మన లెక్కలు



మన హాస్టళ్లలో లెక్కలంటే భయపడేవారు ఎక్కువ. వేగం, వైశాల్యం, ఘనపరిమాణం అనగానే సూత్రాలు బట్టీ పడతారు. పరీక్షలో ఏది ఎక్కడ వాడాలో తెలియక ఆ ప్రశ్న వదిలేస్తారు. నిజానికి ఈ మూడు పాఠాలూ మన వాడపల్లి చుట్టూనే ఉన్నాయి. ఇక్కడ మూసీ కృష్ణలో కలుస్తుంది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు పొలాలకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరిస్తుంది. మనలో చాలామందిమి ఆ నీటి మీద బతికే రైతుల, కూలీల పిల్లలం. అందుకే పిల్లకాలువ దగ్గరే లెక్క మొదలుపెడదాం.

1. వేగం

కాలువ గట్టు మీద 20 మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టండి. పై గుర్తు దగ్గర ఒక ఎండుపుల్ల నీటిలో వేయండి. రెండో గుర్తు చేరడానికి 40 సెకన్లు పట్టిందనుకుందాం.

వేగం = దూరం ÷ కాలం = 20 ÷ 40 = సెకనుకు 0.5 మీటరు.

దీన్ని గంటకు కిలోమీటర్లలోకి మార్చాలంటే 18/5తో గుణించాలి. ఎందుకంటే గంటకు 3,600 సెకన్లు, కిలోమీటరుకు 1,000 మీటర్లు. 3,600/1,000 అంటే 18/5. జవాబు గంటకు 1.8 కి.మీ. (పై నీరు అడుగు నీటికంటే కొంచెం వేగంగా పోతుంది. ఇక్కడ అంతా ఒకే వేగం అనుకుందాం.)

2. ఆకారం

కాలువ పైన వెడల్పు, అడుగున ఇరుకు. దాని అడ్డుకోత సమలంబ చతుర్భుజం. పై వెడల్పు 0.8 మీ., అడుగు వెడల్పు 0.4 మీ., లోతు 0.3 మీ. అనుకుంటే,

వైశాల్యం = ½ × (0.8 + 0.4) × 0.3 = 0.18 చ.మీ.

3. ఘనపరిమాణం

వైశాల్యాన్ని వేగంతో గుణిస్తే సెకనుకు పారే నీరు వస్తుంది. 0.18 × 0.5 = 0.09 ఘనపు మీటర్లు, అంటే 90 లీటర్లు.

ఎకరం 4,047 చ.మీ. అందులో 5 సెం.మీ. నీరు నిలవాలంటే 4,047 × 0.05 = సుమారు 202 ఘ.మీ. కావాలి. 202 ÷ 0.09 = 2,244 సెకన్లు. అంటే 37 నిమిషాల పైచిలుకు.

4. చివరి భూమి లెక్క

అదే కాలువ చివర లోతు సగం, వేగం సగం అయ్యాయనుకోండి. నీరు సగం వస్తుందని చాలామంది అంటారు. చేసి చూద్దాం. లోతు 0.15 మీ. అయితే నీటి పై వెడల్పు కూడా 0.6 మీటర్లకు తగ్గుతుంది. వైశాల్యం 0.075 చ.మీ., వేగం 0.25. పారేది సెకనుకు 19 లీటర్ల లోపే, అంటే ఐదో వంతు. ఎకరం తడవడానికి సుమారు 3 గంటలు! ఎగువ రైతుకూ దిగువ రైతుకూ ఒకే సమయం వంతు ఇస్తే అది సమాన వాటా కాదు. ఈ మాట నోటితో అంటే కొట్లాట అవుతుంది, కాగితం మీద చేసి చూపిస్తే న్యాయం అవుతుంది.

5. క్యూసెక్కు, టీఎంసీ

వార్తల్లో వినే క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28.3 లీటర్లు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రోజుకు 86,400 సెకన్లు కనుక 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ.

2009 అక్టోబరు వరదల్లో శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అదే ధాటి రోజంతా ఉంటే 216 టీఎంసీలు. ఇప్పుడున్న పులిచింతల సామర్థ్యం 45.77 టీఎంసీలు. అంటే అది 5 గంటల్లో నిండిపోయేంత నీరు! నది ఒడ్డున ఉండే మనకు ఈ అంకె అర్థమైతే, సామాన్లు ఎప్పుడు సర్దుకోవాలో తెలుస్తుంది.

గుర్తుంచుకోండి: ముందు బొమ్మ గీయండి. అన్ని కొలతలూ ఒకే ప్రమాణంలోకి మార్చండి. జవాబు పక్కన ప్రమాణం రాయండి. చ.మీ. వచ్చిందా, ఘ.మీ. వచ్చిందా చూస్తే సూత్రం సరిగా వాడామో లేదో అక్కడే తెలిసిపోతుంది.

మీ కోసం ఒక లెక్క: 3 మీ. పొడవు, 2 మీ. వెడల్పు, 1.5 మీ. లోతు ఉన్న హాస్టల్ తొట్టి నిండా నీరుంది. 100 మంది రోజుకు తలా 30 లీటర్లు వాడితే ఎన్ని రోజులు వస్తుంది?

(జవాబు: 3 రోజులు. కొళాయి కట్టేయడం మరిచిపోతే అంతకంటే తక్కువ!)