పావురాలూ పని వాయిదా వేస్తాయి

ఒక పాఠకురాలు రాశారు: "దీపావళి సంచికకు కథ పంపాలని ఎండాకాలంలోనే నిశ్చయించుకుంటాను. తీరా రాయడానికి కూర్చున్న రోజున అల్మరా సర్దుతాను. చివరికి గడువు ముందు రాత్రి మేలుకుని ముగిస్తాను. ఇది బద్ధకమా, జబ్బా?"

బద్ధకం కాదండీ. బద్ధకస్తులు అల్మరా సర్దరు. నష్టమని తెలిసీ పనిని వెనక్కి నెట్టడమే ప్రొక్రాస్టినేషన్. బాగా రాయలేనేమోనన్న బెరుకు నుంచి అప్పటికప్పుడు తప్పించుకోవడానికి మనసు వేసే ఎత్తుగడ ఇదని ఫ్యూషియా సిర్వా, టిమొతీ పిచిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు వాదిస్తారు. కావచ్చు. నాకు మాత్రం ఈ విషయం ఎత్తగానే గుర్తొచ్చేవి పావురాలు.

అమెరికాలోని సదరన్ కనెక్టికట్ స్టేట్ యూనివర్సిటీలో జేమ్స్ మేజుర్ చేసిన ప్రయోగం 1996లో అచ్చయింది. పావురానికి రెండు దారులు. మొదటి దారిలో ముందే బొత్తాన్ని కొద్దిసార్లు ముక్కుతో పొడిచేసి, ఆ పైన గింజల కోసం ఎదురుచూడాలి. రెండో దారిలో ముందు తీరిక, పొడిచే పని తర్వాత. కాకపోతే ఎక్కువసార్లు పొడవాలి. లెక్క తెలిసిన జీవి మొదటి దారి పట్టాలి. పావురాలు రెండోదే పట్టాయి. కొన్ని సందర్భాల్లో పని నాలుగు రెట్లూ అంతకు మించీ పెరిగినా సరే, తర్వాతే చేస్తామన్నాయి! వాటికి విమర్శకుల భయం లేదు, సంపాదకుడి మొహమాటం లేదు, పక్కన ఫోనూ లేదు.

దీని వెనకున్న సూత్రాన్ని మేజుర్ 1987లోనే ఇచ్చాడు. దూరాన ఉన్న సుఖమైనా కష్టమైనా మనకు ఎంత బరువనిపిస్తుందో తెలియాలంటే, దాని అసలు బరువును ఆలస్యానికి ఒకటి కలిపి భాగించాలి. (ఆలస్యాన్ని హెచ్చవేసే గుణకం ఒకటి ఉంది, అది మనిషిని బట్టి మారుతుంది. ఇక్కడ 1 అనుకుందాం.) కథ ఈ రోజు రాస్తే 10 పాళ్ల కష్టం, రేపటికి వదిలితే హడావిడి కలిసి 15 పాళ్లు అనుకోండి. ఈ రోజు కష్టానికి ఆలస్యం సున్నా కాబట్టి అది పూర్తిగా 10. రేపటిది 15ను 2తో భాగిస్తే 7.5. రేపటిదే తేలిక, పెన్ను మూసేస్తాం.

ఇదే ఎంపికను నెల ముందు నిలబడి చూడండి. ముప్పయ్యో రోజున చేసే 10 పాళ్ల పనిని 31తో భాగిస్తే 0.32. ముప్పయ్యొకటో రోజున చేసే 15 పాళ్ల పనిని 32తో భాగిస్తే 0.47. ఇప్పుడు ముందు రోజు రాయడమే తేలిక! అందుకే ఎండాకాలంలో చేసిన నిశ్చయం అబద్ధం కాదు, ఆ రోజు అల్మరా సర్దడమూ అబద్ధం కాదు. ఒకే మనిషి, ఒకే సూత్రం, నిలబడిన చోటు వేరు. రేపు వచ్చేసరికి అది మళ్లీ ఈ రోజే అవుతుంది కాబట్టి లెక్క మొదటికొస్తుంది. వెనకటికి మన ఊళ్లలో దయ్యం లోపలికి రాకుండా తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవారు. రోజూ వచ్చి, చదివి, తిరిగిపోయే ఆ దయ్యం పరిస్థితే రాయని కథది.

అర్థశాస్త్రం ఇక్కడే చాలాకాలం తప్పటడుగు వేసింది. భవిష్యత్తు విలువను మనుషులు ఎప్పుడూ ఒకే రేటున తగ్గించుకుంటారన్న నమూనాను పాల్ శామ్యూల్సన్ 1937లో రాశాడు. ఆ లెక్కన రోజుకు సగం తగ్గుతుందంటే, నెల ముందు చూసినా అదే రోజు చూసినా నిష్పత్తి మారదు, మనసూ మారదు. అంటే సోమరి ఎప్పుడూ సోమరే, మాట తప్పే మనిషే ఉండడు! శామ్యూల్సన్ ఇది నిజం కానక్కర్లేదని తానే హెచ్చరించాడు, పాపం. ఆ హెచ్చరికను పక్కనబెట్టి సమీకరణాన్ని మాత్రం దశాబ్దాల పాటు వల్లెవేశారు.

అంతకన్నా ఘనుడు ఎడ్మండ్ బెర్గ్లర్. వియన్నా నుంచి న్యూయార్క్ చేరిన ఈ మనోవిశ్లేషకుడే 1947లో "రైటర్స్ బ్లాక్" అన్న పేరు పెట్టాడు. కలం కదలకపోవడానికి మూలం పసితనంలో తల్లిపాల దగ్గర ఉందన్నాడు. పేరు నిలిచింది, సిద్ధాంతం నిలవలేదు. ఈ విషయం మీద నాకు నచ్చిన పరిశోధనా పత్రం 1974లో డెన్నిస్ అప్పర్ ఒక పేరున్న జర్నల్‌లో అచ్చువేయించినది. రైటర్స్ బ్లాక్‌కు తాను చేసుకున్న సొంత చికిత్స విఫలమైందని శీర్షిక, కింద ఒక్క మాట కూడా లేని ఖాళీ పేజీ.

మరి మందు? అదీ పావురాల దగ్గరే దొరికింది. 1972లో హోవార్డ్ రాక్లిన్, లెనార్డ్ గ్రీన్ వాటి ఎదుట వెంటనే దొరికే కొన్ని గింజలనూ, కాస్త ఆగితే దొరికే ఎక్కువ గింజలనూ పెడితే, అవి వెంటనే దొరికేవే తీసుకున్నాయి. కానీ కొన్ని సెకన్ల ముందే, తక్కువ గింజల దారిని మూసేసే బొత్తాన్ని అందుబాటులో ఉంచితే దాన్నే నొక్కాయి. ఆశ దూరంగా ఉన్నప్పుడే తలుపు గడియ పెట్టుకోవడమన్నమాట. 1830లో విక్టర్ హ్యూగో 'నోత్రదామ్ ద పారీ' నవల కోసం బయటికి వెళ్లే బట్టలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసి, ఒక బూడిదరంగు శాలువాతో ఇంట్లో కూర్చున్నాడని ఆయన భార్య రాసింది. నవల ఆ శీతాకాలంలోనే పూర్తయింది.

రచయితలకు ఇది ఎంతవరకు పనికొస్తుందని అడిగితే నేను కాస్త సణుగుతాను. రాబర్ట్ బోయిస్ 1983లో ప్రకటించిన అధ్యయనాన్ని అందరూ ఉదాహరిస్తారు. అందులో ఉన్నది 27 మంది అధ్యాపకులే, మూడు జట్లుగా. ఒక జట్టు అత్యవసరమైతే తప్ప రాయకూడదు, రెండో జట్టు బుద్ధి పుట్టినప్పుడు రాయాలి, మూడో జట్టు మనసున్నా లేకున్నా వేళకు కూర్చోవాలి. మూడో జట్టు రోజుకు సగటున 3.2 పేజీలు రాసింది, రెండోది 0.9, మొదటిది 0.2. కొత్త ఆలోచనలు కూడా మూడో జట్టుకే ఎక్కువగా తట్టాయి. ఇంత చిన్న అధ్యయనం మీద ఎన్ని పుస్తకాలు అమ్ముకున్నారో! అయితే ఆ జట్టును కుర్చీలో కూర్చోబెట్టిన ఏర్పాటు మాత్రం ముచ్చటైనది: రాయని రోజున, తమకు అసలు గిట్టని ఒక సంస్థకు చెక్కు వెళ్లిపోతుంది. ఏ సంస్థను ఎంచుకోవాలన్నది మన తెలుగు రచయితలకు పెద్ద సమస్య కాదనుకుంటాను.