హవాయి గంధం: వాసన మనదే, చెట్టు మాత్రం అక్కడిదే! ఆ నూనెలో ఏముంది?

గంధం అనగానే మనకు మైసూర్ శాండల్ సబ్బు, సింహాచలం అప్పన్న చందనోత్సవం గుర్తొస్తాయి. కానీ పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యలో ఉన్న హవాయి దీవుల్లోనూ గంధపు చెట్లున్నాయి. ఒకటి కాదు, ఆరు జాతులు! ఆ ఆరూ ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగవు. స్థానికులు వీటిని 'ఇలియాహి' అంటారు. (ఎర్రచందనంతో కలిపేయకండి. అది వేరే కుటుంబానికి చెందిన చెట్టు, దానికి ఈ పరిమళం ఉండదు.)

వాసన ఎక్కడి నుంచి వస్తుంది?

పువ్వుల్లోంచి కాదు. గంధం నూనె ఉండేది కాండం లోపలి చేవలో, వేర్లలో. అందుకే నూనె కావాలంటే చెట్టును కొట్టాల్సిందే. చేవను పొడి చేసి ఆవిరి పట్టించి నూనె తీస్తారు. అందులో ఏ పదార్థం ఎంతుందో గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్షలో తేలిపోతుంది.

గంధం నూనెలో అసలు హీరోలు ఇద్దరు. ఆల్ఫా శాంటలాల్, బీటా శాంటలాల్. ఎక్కువ శాతం ఆల్ఫాదే. అయితే మన ముక్కు 'ఇది గంధం' అని పట్టేయడానికి ప్రధాన కారణం మాత్రం తక్కువగా ఉండే బీటానే!

మన దేశపు గంధం జాతి నూనెలో ఆల్ఫా 41 నుంచి 55 శాతం, బీటా 16 నుంచి 24 శాతం ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. హవాయి బిగ్ ఐలాండ్‌లో మాత్రమే పెరిగే శాంటలమ్ పానికులేటమ్ నూనెను పరీక్షిస్తే ఆల్ఫా సుమారు 34-40 శాతం, బీటా 11-16 శాతం కనిపించాయి. కాస్త వెనకబడినా, వాసనలో గంధమే.

ఆ వాసనే కొంప ముంచింది

19వ శతాబ్దం మొదట్లో ఈ కలపను ఓడలకెత్తి చైనాకు పంపారు. అక్కడ ధూపానికి, చెక్క పెట్టెలకు మంచి గిరాకీ. అప్పుల్లో కూరుకుపోయిన హవాయి పాలకులు 1826లో ఏకంగా పన్నే వేశారు. ప్రతి పురుషుడూ సుమారు 30 కిలోల గంధపు చెక్క తేవాలి, లేదంటే 4 స్పానిష్ డాలర్లు కట్టాలి. జనం పొలాలు వదిలేసి కొండలెక్కారు. సరుకు కొలవడానికి ఓడ అడుగు భాగమంత గుంతలు తవ్వారు. మోలోకాయి దీవిలో అలాంటి గుంత ఇప్పటికీ ఉంది. 1840 నాటికి కొట్టడానికి చెట్లే కరువై వ్యాపారం ఆగిపోయింది. చైనా వాళ్లు మాత్రం హోనొలులును నేటికీ 'గంధపు కొండ' అనే పిలుస్తారు.

మళ్లీ నాటితే సరిపోదా? అంత ఈజీ కాదు. గంధం సగం పరాన్నజీవి. దాని వేర్లు కోవా లాంటి పక్క చెట్ల వేర్లకు అతుక్కుని నీరు, పోషకాలు లాక్కుంటాయి. తోడు చెట్టు లేకుంటే సరిగా ఎదగదు. పైగా విత్తనాలను ఎలుకలు తినేస్తాయి. చేవ ముదరడానికి దశాబ్దాలు పడుతుంది.

దీవికే పరిమితమైన చెట్టు అక్కడ పోతే, ఇంకెక్కడి నుంచీ తెచ్చుకోలేం. చిలీకి చెందిన హువాన్ ఫెర్నాండెజ్ దీవుల్లోనూ ఒక సొంత గంధం జాతి ఉండేది. దాని చివరి చెట్టును స్వీడన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ స్కాట్స్‌బెర్గ్ 1908లో ఫొటో తీశారు. ఆ తర్వాత ప్రాణంతో ఉన్న చెట్టు ఎవరికీ కనపడలేదు.