కలిసిపోబోయే నక్షత్రాలను గుర్తించడమెలా?

వేరుశనగ కాయను ఒలిచే ముందు ఒకసారి పరిశీలనగా చూడండి. పెంకు ఒకటే, లోపల గింజలు రెండు. ఆకాశంలోనూ ఇటువంటి కాయలున్నాయి! రెండు నక్షత్రాలు తాకేంత దగ్గరై, ఒకే వాయుపొరను కప్పుకొని తిరుగుతుంటాయి. వీటిని స్పర్శ జంటలు అంటారు. సప్తర్షి మండలం వైపు ఉన్న డబ్ల్యూ అర్సా మేజోరిస్ అటువంటిదే. అక్కడ ఒక ప్రదక్షిణానికి పట్టేది 8 గంటలే!

మామూలు దూరదర్శినిలో ఈ జంట ఒకే చుక్కగా కనబడుతుంది. మరి రెండున్నాయని ఎలా తెలిసింది? ఒకటి రెండోదానికి అడ్డు వచ్చినప్పుడల్లా చుక్క కాంతి తగ్గుతుంది. ఈ గ్రహణాల వేళలను గుర్తిస్తే ప్రదక్షిణ కాలం తెలుస్తుంది. వర్ణపటం నుండి వాటి వేగాలు, ద్రవ్యరాశుల నిష్పత్తి తెలుస్తాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు జపాల్‌-రంగాపూర్ వేధశాలలో 48 అంగుళాల దూరదర్శినితో ఇటువంటి జంటల కాంతిని కొలిచారు. మా మియాపూర్ దీపాల మధ్య ఆ పని సాగదు లెండి!

జంట దగ్గరయ్యేకొద్దీ ప్రదక్షిణ వేగం పెరుగుతుంది. దానితోపాటు పెద్ద నక్షత్రం తన చుట్టూ తాను కూడా వేగంగా తిరగాలి. అందుకు కావలసిన కోణీయ ద్రవ్యవేగాన్ని కక్ష్యే ఇవ్వాలి. చిన్న నక్షత్రం పెద్దదానిలో పదో వంతు కూడా లేకపోతే కక్ష్య ఆ భారం మోయలేదు. ఇక చిన్నది పెద్దదానిలోకి జారిపోతుంది. అందుచేత శాస్త్రజ్ఞులు వెదికే గుర్తులు రెండు: నిష్పత్తి బాగా తక్కువగా ఉండటం, ప్రదక్షిణ కాలం నానాటికీ మరింత వేగంగా తగ్గుతుండటం.

2008లో వృశ్చిక రాశిలో ఒక నక్షత్రం హఠాత్తుగా సుమారు పదివేల రెట్లు ప్రకాశించి, తరువాత ఎర్రబడింది. దాని పేరు వీ1309 స్కార్పియై. అదృష్టవశాత్తు చిలీలోని ఒక దూరదర్శిని అంతకుముందు కొన్నేళ్లుగా ఆ దిక్కును చిత్రిస్తూనే ఉంది. పోలెండ్ శాస్త్రజ్ఞుడు టిలెండా బృందం ఆ పాత కొలతలను తిరగేసింది. సుమారు 34 గంటల ప్రదక్షిణ కాలం ఒక శాతానికి పైగా తగ్గింది, అదీ రానురాను వేగంగా! రెండు నక్షత్రాలు కలిసిపోయాయని 2011లో ప్రకటించారు.

జరిగిపోయినదాన్ని చెప్పడం ఒక ఎత్తు, జరగబోయేదాన్ని చెప్పడం ఒక ఎత్తు. కేఐసీ 9832227 అనే జంట 2022 ప్రాంతంలో కలిసిపోతుందని 2017లో అమెరికా శాస్త్రజ్ఞుడు మోల్నార్ బృందం అంచనా వేసింది. 2018లో మరో బృందం లెక్కలు సరిచూసింది. 1999 నాటి ఒక గ్రహణ వేళ, అచ్చులో సరిగ్గా 12 గంటలు తప్పుగా పడింది! ఆ జంట ప్రదక్షిణ కాలం సుమారు 11 గంటలు. కనుక 12 గంటల తప్పు, గ్రహణం ఒక గంట అటూఇటూ అయినట్లు మాత్రమే కనబడి, ఎవరికీ అనుమానం రానివ్వలేదు. ఆ గంట సరిచేయగానే జోస్యం తేలిపోయింది. 2022 వచ్చి వెళ్లింది, ఆ జంట మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.