ఠాణాను తనిఖీ చేసేదెవరు?

శ్రీవిల్లిపుత్తూరు అనగానే మనకు గోదాదేవి, ఆముక్తమాల్యద గుర్తొస్తాయి. అక్కడికి ఆగ్నేయంగా ఉన్న కోవిల్‌పట్టి వేరుశనగ చిక్కీకి పేరుమోసిన ఊరు. ఆ చిక్కీకి 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అదే ఏడాది జూన్‌లో ఊరి పేరు దేశమంతా వినబడింది మాత్రం అక్కడి సబ్‌జైలు వల్ల.

సాత్తాన్‌కుళం అనే ఊళ్లో జయరాజ్, ఆయన కొడుకు బెన్నిక్స్‌ను జూన్ 19న పోలీసులు పట్టుకెళ్లారు. లాక్‌డౌన్ వేళ దాటినా సెల్‌ఫోన్ల కొట్టు తెరిచి ఉంచారన్నది ఆరోపణ. మర్నాడు ఇద్దరినీ వంద కిలోమీటర్ల అవతల ఉన్న కోవిల్‌పట్టి సబ్‌జైలుకు తరలించారు. 22 రాత్రి 31 ఏళ్ల కొడుకు, తెల్లారేసరికి తండ్రి ఆసుపత్రిలో చనిపోయారు. మధ్యలో డాక్టరు చూశారు, మేజిస్ట్రేటు రిమాండు రాశారు. చట్టం పెట్టిన కాపలాలన్నీ కాగితం మీద సక్రమంగానే ఉన్నాయి!

మద్రాసు హైకోర్టు మదురై బెంచి కేసును తనంతట తానే చేపట్టింది. విచారణకు సాత్తాన్‌కుళం ఠాణాకు వెళ్లిన కోవిల్‌పట్టి మేజిస్ట్రేటును ఓ కానిస్టేబుల్ ముఖం మీదే తిట్టాడు. సీసీటీవీ హార్డ్‌డిస్కులో ఒక టెరాబైట్ చోటుంది. అయినా ఏ రోజు రికార్డింగు ఆ రోజే చెరిగిపోయేలా అమర్చారు. ఓ మహిళా హెడ్ కానిస్టేబుల్ రక్తపు మరకలున్న లాఠీల సంగతి చెప్పారు, సంతకం పెట్టడానికి మాత్రం వణికిపోయారు. చివరికి ఆ ఠాణానే రెవెన్యూ శాఖ చేతికి అప్పగించాల్సి వచ్చింది. సీబీఐ తొమ్మిదిమంది పోలీసులపై అభియోగపత్రం వేసింది.

బయటివాడు లోపలికి వెళ్లాకే నిజం కదిలింది. అలాంటి బయటివాడు శాశ్వతంగా ఉండాలనే సుప్రీంకోర్టు 2006లో ప్రకాశ్‌సింగ్ కేసులో పోలీసు ఫిర్యాదుల సంస్థలు పెట్టమంది, రిటైర్డ్ జడ్జిలు అధ్యక్షులుగా. తమిళనాడు 2013లో చట్టం చేసి రాష్ట్రస్థాయిలో హోం కార్యదర్శిని, జిల్లాలో కలెక్టరును కూర్చోబెట్టింది. పక్కన సభ్యుడు ఎస్పీ! ఇక ఫిర్యాదు ఎవరిమీద, ఎవరికి?

ఉత్తర ఐర్లాండులో 2000 నుంచీ పోలీసులతో సంబంధం లేని అంబుడ్స్‌మన్ సొంత దర్యాప్తు సిబ్బందితో ఫిర్యాదులు విచారిస్తున్నారు. మనకది అందని పండేమీ కాదు. దాని అవసరమూ మన దగ్గర ఉంది. 2020 జూలైలో చీరాలలో మాస్కు లేదని ఆపిన యువకుడు చనిపోయినప్పుడు, కొట్టారని ఇంటివాళ్లు, జీపులోంచి దూకాడని పోలీసులు అన్నారు. ఏది నిజమో తేల్చాల్సినవాడు ఖాకీకి బయట ఉండాలి.

సీసీటీవీ దృశ్యాలను కనీసం ఏడాదైనా దాచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మీవాళ్లెవరికైనా దెబ్బలు తగిలితే ఆ రికార్డింగు కోసం వెంటనే రాతపూర్వకంగా అడగండి. మీ జిల్లా ఫిర్యాదుల సంస్థకు అధ్యక్షులెవరో కూడా కనుక్కోండి. అక్కడ జడ్జి బదులు అధికారి కూర్చుని ఉంటే, ఎందుకని మీ ఎమ్మెల్యేను నిలదీయండి.