కంపాసు కాళ్లు: జాన్ డన్ కవిత్వమును గూర్చి

స్త్రీల మనస్సులను తత్త్వవిచారముతో కలవరపెట్టరాదనియు, ప్రేమకవిత్వము వారి హృదయములను ఆకట్టుకొన్న చాలుననియు 1693లో డ్రైడన్ అను ఆంగ్లకవి తీర్పు చెప్పెను. ఆ తీర్పునకు గురియైనవాడు జాన్ డన్ (1572–1631). ప్రేమగీతములలో సహితము మెటాఫిజిక్సును, అనగా తత్త్వశాస్త్రపు సూక్ష్మచర్చను, చొప్పించెననునది ఆయనపై మోపిన నేరము. అటుపిమ్మట 1779లో డాక్టర్ శామ్యూల్ జాన్సన్ ఇట్టి వారికందరకును మెటాఫిజికల్ కవులను పేరు స్థిరపరచెను. అది బిరుదు కాదు, ఎత్తిపొడుపు. స్త్రీల పేరు చెప్పి ఇచ్చిన తీర్పు గనుక, దానిని మన సోదరీమణులే పునర్విమర్శ చేయుట న్యాయమని మాకు తోచినది.

మన పెద్దలు కావ్యమునకు ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని రుచిభేదములు చెప్పియున్నారు. డన్ కవిత్వము నారికేళపాకము. పీచు తీసి, పెంకు పగులగొట్టినగాని నీరు దక్కదు. ఇతరులు ప్రేయసికై గులాబీలను, ముత్యములను ఏరితెచ్చుచుండగా ఈయన భూపటములను, నాణెములను, రసవాదుల పాత్రలను కవిత్వములోనికి లాగుకొనివచ్చెను. ఇట్టి పోలికలలో మిక్కిలి వాసికెక్కినది కంపాసు.

మన పిల్లలు లెక్కల పుస్తకములలో వృత్తములు గీయు కంపాసే యిది. దూరదేశమునకు పోవుచున్న ప్రియుడు దుఃఖింపవలదని ప్రియురాలికి నచ్చజెప్పు సందర్భమది. తమ యాత్మలు రెండుగా తోచినను కంపాసు కాళ్లవలె ఒక్కచోట కలిసినవేయని ఆతడు వాదించును. నడుమనున్న కాలు కదలదు; కాని రెండవకాలు దూరమేగినకొలది దానివైపు వంగును, అది చేరువకాగానే తానును నిటారగును. దీని స్థైర్యమువలననే దాని వృత్తము మొదలిడినచోటనే ముగియును. మొదటిసారి చదివినప్పుడు ఇది ఉత్త రేఖాగణిత పాఠమువలె నుండును. రెండు మూడు మారులు చదివిన పిమ్మట ఆ వంగుటలోని ఆర్తి తెలియవచ్చును. దుఃఖమును మాటలలో పెట్టక చలనములో పెట్టినాడు. ఇదియే ఆయన ప్రతిభ యని మా యభిప్రాయము.

జాన్సనున కీ పోలిక రుచింపలేదు. ఇందు అసంబద్ధత యెక్కువయో చమత్కార మెక్కువయో తేల్చుట కష్టమని ఆక్షేపించెను. పొత్తు కుదరని భావములను బలవంతముగా జతకట్టుదురనునది ఈ కవులందరిపైన ఆయన ముఖ్యాభియోగము. అబ్రహాం కౌలీ విషయమున ఈ మాట చాలవరకు సరియే. అతని 'ది మిస్ట్రెస్' (1647)లో తెలివికి కొదువ లేదు, వలపే కనబడదు. అయినను జాన్సన్ న్యాయబుద్ధి గలవాడు. ఈ మార్గమున వ్రాయువానికి చదువును ఆలోచనయు నుండి తీరవలెనని ఒప్పుకొనెను. 1921లో గ్రియర్సన్ సంకలనమును సమీక్షించుచు టి. ఎస్. ఎలియట్ మరింత దూరము పోయెను. డన్‌కు ఆలోచనయు ఒక అనుభవమే యనియు, బుద్ధియు హృదయమును వేరుకాపురములు పెట్టుట తరువాతి కవులతో వచ్చిన కీడనియు ఆయన వాదము. చరిత్రగా దీనిని నమ్ముట కష్టము. డన్‌ను చదువుటకు మాత్రము బాగుగా తోడ్పడును.

ఇక మా సందేహమొకటి కలదు. ఆ నిలిచిన కాలెవరు? 1601లో డన్ రహస్యముగా పెండ్లాడిన ఆన్ మోర్‌కు అప్పటికి సుమారు 17 ఏండ్లు. మామగారి ఆగ్రహమువలన డన్‌కు కొలువు పోయెను, కొన్నాళ్లు చెరసాలయు ప్రాప్తించెను. 1611లో సర్ రాబర్ట్ డ్రూరీ వెంట ఫ్రాన్సునకు బయలుదేరునప్పుడు ఈ పద్యమును భార్యకిచ్చెనని ఆయన చరిత్రకారుడు ఐజాక్ వాల్టన్ చెప్పుచున్నాడు. సంశయించు పండితులును గలరు. ఎట్లైనను, భర్త పరదేశమున నుండగా 1612లో ఆమెకు మృతశిశువు కలిగెను. 1617లో పండ్రెండవ బిడ్డను కని, కొలది దినములకే 33వ యేట ఆమె మరణించెను. ఇది తెలిసినవారికి కదలని కాలి పొగడ్త మునుపటి యంత తీయగా నుండదు. పద్యము చెడ్డదని మేమనము. అందు మాటలాడువాడొక్కడే యనుచున్నాము.

రెండవవైపు మాట కేథరిన్ ఫిలిప్స్ (1632–1664) పద్యములో వినబడును. ఈమె వేల్సుదేశపు కార్డిగన్‌లో కాపురముండిన గృహిణి. మశూచికముచే చిన్నవయసుననే గతించెను. ఆ కంపాసునే గ్రహించి ఈమె తన స్నేహితురాలిని గూర్చి పద్యము వ్రాసెను. ఇందు ఇంటనుండు కాలిదియు తిరుగు కాలిదియు వేర్వేరు జాతకములు కావు. ఒకరు దారితప్పిన రెండవవారు సరిదిద్దవలెను. ఆ బాధ్యత ఇరువురిదియు. డ్రైడన్ స్త్రీల మనస్సులపై జాలిపడునాటికి ఈమె పోయి 29 ఏండ్లైనది. తత్త్వవిచారమువలన ఈమె కలవరపడిన జాడ మాకెచ్చటను కానరాలేదు.

ఈ కవులను చదువగోరు సోదరీమణులకు హెలెన్ గార్డనర్ 1957లో కూర్చిన సంకలనము మేలు. ఆక్స్‌ఫర్డులో మెర్టన్ ఆంగ్లసాహిత్యాచార్య పీఠమును 1966లో మొట్టమొదట అధిష్ఠించిన స్త్రీ ఆమెయే. డన్‌ను చూచి బెదరువారు జార్జి హెర్బర్ట్‌తో ఆరంభింపవచ్చును. ఇల్లూడ్చు పనియందు దైవసేవను చూచిన కవి ఆయన.