కీప్యాడ్‌కు అక్రిలిక్ పెట్టె: ఎందుకు? ఎలా?

శంషాబాద్ విమానాశ్రయంలో దిగే విమానాల్లో ప్రయాణికుల కిటికీలు సాధారణంగా గాజువి కావు, అక్రిలిక్‌వి. అది గాజు బరువులో సగం కూడా ఉండదు, అంత తేలిగ్గా పగలదు. ఇంట్లో చేసుకున్న చిన్న కీప్యాడ్‌కు పెట్టె కావాలన్నా అదే మంచి సరుకు. కరెంటును పోనివ్వదు, పైగా లోపలి సర్క్యూట్ అందమంతా కనిపిస్తుంది!

ఆరు వైపులా అతికించనక్కర్లేదు. పైనొక పలక, కిందొక పలక, మధ్యలో బోర్డు, నాలుగు మూలలా స్క్రూలు. బోర్డును మాత్రం కింది పలకకు ఆనించకండి. అడుగున టంకం మొనలు పొడుచుకొచ్చి ఉంటాయి. మీట నొక్కినప్పుడల్లా బరువు వాటి మీదే పడుతుంది. మూలల్లో బోర్డును ఎత్తి నిలిపే పొట్టి ఇత్తడి స్తంభాలు (స్టాండాఫ్‌లు) పెడితే ఆ బరువు వాటి మీదుగా దిగిపోతుంది.

మెకానికల్ స్విచ్‌లు పట్టడానికి పై పలకలో 14 మిల్లీమీటర్ల చదరపు రంధ్రాలు కావాలి. చేత్తో ఇంత కచ్చితంగా కోయడం కష్టం. రాయదుర్గంలో 2023లో మొదలైన టీ-వర్క్స్ లాంటి తయారీ కేంద్రాల్లో అందుకు లేజర్ కటర్లు ఉంటాయి. పీవీసీ పలకను మాత్రం లేజర్ కింద పెట్టనే కూడదు, విషవాయువు వస్తుంది.

3 మిల్లీమీటర్ల స్క్రూకు 3.2 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. ఎందుకంటే అక్రిలిక్ వేడికి సాగుతుంది, చోటు లేకపోతే రంధ్రం అంచు నుంచే పగులుతుంది. పలక కింద చెక్కముక్క పెట్టి, పెద్దల సాయంతో డ్రిల్లును నెమ్మదిగా దించాలి.

పెట్టెను శానిటైజర్‌తో తుడవకండి. లేజర్ కోసిన అంచుల్లో ఒత్తిడి మిగిలి ఉంటుంది, శానిటైజర్‌లోని స్పిరిట్ తగిలితే అక్కడ సన్నటి పగుళ్లు పాకుతాయి. సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డ చాలు.