నిర్దోషికి శిక్ష పడితే

మన దాతలు చదువుకు, వైద్యానికి, వితంతువుల పోషణకు ఇవ్వడానికి ఏనాడూ వెనకాడలేదు. కోర్టు ఖర్చు అనేసరికి మాత్రం చాలామంది ఒక ప్రశ్న వేస్తారు: "నేరం చేసినవాడికి మన డబ్బు ఎందుకు?" అడగవలసిన ప్రశ్నే. అయితే శిక్ష పడిన ప్రతి మనిషీ నేరం చేసినవాడేనా? ఉన్నత న్యాయస్థానాలు తేల్చిన రెండు కేసులు ఈ సంచికలో మీ ముందు ఉంచుతున్నాము.

మొదటిది మన ప్రాంతంలోదే. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్లో ఉంటూ ఫార్మసీ చదువుతున్న ముస్లిం అమ్మాయి అత్యాచారానికి, హత్యకు గురైంది. 2008 ఆగస్టులో పోలీసులు ఒక పేద దళిత యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు అతనికి శిక్ష వేసింది. అసలు దోషి అతను కాడని గట్టిగా చెబుతూ వచ్చింది మరెవరో కాదు, ఆ అమ్మాయి తల్లిదండ్రులే. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా అతను జైల్లోనే ఉన్నాడు. తర్వాత 2018లో హైకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది. 2019 డిసెంబరులో, ఖననం జరిగిన పన్నెండేళ్లకు, ఆ బిడ్డ ఖబర్ తవ్వి మళ్లీ పోస్టుమార్టం చేయవలసి వచ్చింది. ఒక నిర్దోషిని జైల్లో పెట్టినన్నాళ్లూ ఆ తల్లిదండ్రులకు దక్కవలసిన న్యాయం కూడా ఆగిపోయింది.

రెండోది గుజరాత్‌లోని గాంధీనగర్ అక్షర్‌ధామ్ ఆలయంపై 2002 సెప్టెంబరు 24న జరిగిన దాడి. 30 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. దాడి చేసిన ఇద్దరూ అక్కడే హతమయ్యారు. కుట్రలో భాగస్వాములంటూ తర్వాత అరెస్టు చేసిన ఆరుగురికి 2006లో పోటా కోర్టు శిక్షలు వేసింది. అందులో ముగ్గురికి ఉరి. 2010లో గుజరాత్ హైకోర్టు ఆ తీర్పును సమర్థించింది. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులుగా విడుదల చేసింది. పోలీసు అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలును కూడా సాక్ష్యంగా తీసుకోవడానికి పోటా చట్టం వీలు కల్పించింది. ఈ కేసు ఎక్కువగా అటువంటి ఒప్పుకోళ్ల మీదే నిలబడింది. మరో ఆధారం, హతుల జేబుల్లో దొరికాయని చెప్పిన ఉర్దూ ఉత్తరాలు. శరీరాలు తూటాలతో ఛిద్రమైనా ఆ కాగితాలు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి. సుప్రీంకోర్టు ఆ ఒప్పుకోళ్లనూ నమ్మలేదు, ఆ ఉత్తరాలనూ నమ్మలేదు.

తప్పు తీర్పుకు బీజం చాలాసార్లు అరెస్టయిన మొదటి రోజుల్లోనే పడుతుంది. అందుకే కొన్ని హక్కులు ప్రతి కుటుంబానికీ తెలియాలి. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టయిన మనిషిని ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కు అతనికి ఉంది. అరెస్టు పత్రంలో తేదీ, సమయం రాసి సాక్షి సంతకం తీసుకోవాలని, బంధువులకు కబురు చేయాలని సుప్రీంకోర్టు 1996లో డి.కె. బసు కేసులో ఆదేశించింది. సాధారణ చట్టం కింద పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. దాని ఆధారంగా ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకు చెప్పిన మాట చెల్లుతుంది. పోలీసులు కొట్టి ఉంటే ఆ సంగతి మొదటిసారి మేజిస్ట్రేటు ముందుకు వచ్చినప్పుడే చెప్పి నమోదు చేయించాలి.

నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వవచ్చు, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. సెషన్స్ కోర్టులో జైలు శిక్ష పడితే హైకోర్టులో అప్పీలుకు గడువు 60 రోజులు. జైలు అధికారి ద్వారా కూడా అప్పీలు పంపుకోవచ్చు.

విడుదలతో కష్టాలు తీరిపోవు. పోయిన వయసు, ఉద్యోగం, ఊళ్లో పరువు తిరిగి రావు. అన్యాయంగా కేసుల్లో ఇరుక్కున్నవారికి పరిహారం కోసం ప్రత్యేక చట్టం కావాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ చట్టం ఇంకా రాలేదు. అక్షర్‌ధామ్ కేసులో విడుదలైనవారు పరిహారం కోరితే 2016లో సుప్రీంకోర్టు అంగీకరించలేదు.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు మన దీన్‌లోనే ఉంది. మదీనాలో ఒక కవచం దొంగతనం జరిగింది. తీసినవాడు ముస్లిముల్లో ఒకడు. నేరం మాత్రం ఒక యూదుని మీద మోపారు. దొంగ బంధువులు దైవప్రవక్త (స) వద్దకు వచ్చి తమవాడి పక్షాన వాదించారు. ఆ సందర్భంలోనే అన్-నిసా సూరాలోని 105వ ఆయతు నుంచి కొన్ని వాక్యాలు అవతరించి, ఆ యూదుని నిర్దోషిత్వాన్ని వెల్లడించాయని వ్యాఖ్యాతలు రాశారు. ద్రోహం చేసినవాడు మనవాడైనా అతని తరఫున వాదించకూడదు. నిర్దోషి పరాయివాడైనా అతని మీద నింద మోపకూడదు. ఆ ఆయతులు ఈ రెండు పాఠాలనూ కలిపే నేర్పుతున్నాయి. యూసుఫ్ (అలైహిస్సలాం) రాజు పిలుపు వచ్చినా వెంటనే జైలు దాటలేదు. తన మీద పడ్డ నింద సంగతి ముందు విచారించమన్నారు.

కాబట్టి దోషిని తప్పించడానికి మేము మీ సాయం కోరడం లేదు. నిజం కోర్టు ముందుకు రావడానికి కోరుతున్నాము. సకాలంలో ఒక మంచి న్యాయవాది ఫీజు, పేదవాడి బెయిలు పూచీకత్తు, దూరపు జైలుకు ములాఖత్ కోసం వెళ్లే తల్లికి ఛార్జీలు, ఇంటి పెద్ద జైల్లో ఉన్నన్నాళ్లు పిల్లల స్కూలు ఫీజు: అవసరాలు ఇవే. వీటిలో జకాత్ ఎక్కడ వర్తిస్తుందో ఉలమాను అడిగి ఇవ్వండి. సదఖాకు ఆ పరిమితి లేదు. ఈ సాయం మతం చూసి ఇచ్చేది కాకూడదన్నది మా అభిప్రాయం. తమ బిడ్డ కేసులో పరాయి బిడ్డ నిర్దోషి అని నిలబడి చెప్పిన ఆ తల్లిదండ్రులు మనకు దారి చూపారు.

అల్లాహ్ మన దానాలను స్వీకరించుగాక. నిర్దోషుల సంకెళ్లు తెంచుగాక. ఆమీన్.